బి.ఏ.నే కదా అని తీసిపారెయ్యకండి!

పెళ్లిళ్లలో, పేరంటాల్లో, బతుకమ్మ పండక్కి పుట్టింటికి వెళ్లినప్పుడు... నలుగురు ఆడవాళ్లు చేరిన ప్రతిచోటా వినిపించే ప్రశ్న ఒకటుంది. "పాప ఏం చదువుతోంది?" అని. "బీటెక్" అంటే "ఏ బ్రాంచి?" అని వెంటనే రెండో ప్రశ్న పుడుతుంది. "ఎంబీబీఎస్" అంటే అడిగినావిడ కాస్త జరిగి మనకి చోటిస్తుంది. బీఫార్మసీ అన్నా, బీకాం కంప్యూటర్స్ అన్నా ఫర్వాలేదు, మాట ముందుకు సాగుతుంది. అదే "బి.ఏ." అని చూడండి! "ఓహో..." అని ఒక దీర్ఘం. ఆ తర్వాత మాట పప్పులో ఉప్పు మీదకో, పట్టుచీర అంచు మీదకో మళ్లిపోతుంది.

ఇంకాస్త చనువున్నవాళ్లయితే దాచుకోనే దాచుకోరు. "అయ్యో, మార్కులు రాలేదా బిడ్డకి?" అనేస్తారు.

నేను బి.ఏ. చదివినదాన్ని. అదీ పెళ్లయి, ఒక పిల్లకి తల్లినయ్యాక, ఆదివారాలు మాత్రమే కాలేజీ మెట్లెక్కి చదివినదాన్ని. ఆ చదువు నాకు ఉద్యోగం ఇవ్వలేదు. కానీ ఏమిచ్చిందో చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఎందుకంటే ఇంటర్ పాసైన ఆడపిల్లలున్న ఇళ్లలో ప్రతి ఏడూ ఇదే గొడవ. చదువు మధ్యలో ఆపేసిన తల్లుల మనసుల్లోనూ ఇదే గొడవ.

పేరు కొత్త, పంట పాతదే

ఈమధ్య పేపర్లలో "లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీ" అన్న మాట తరచూ కనిపిస్తోంది, గమనించారా? ఢిల్లీకి దగ్గర్లో సోనీపత్‌లో 2014లో అశోకా యూనివర్సిటీ మొదలైంది. మన తెలుగు నేల మీదే శ్రీసిటీలో 2018లో క్రియా యూనివర్సిటీ వచ్చింది. ఇప్పుడది తిరుపతి జిల్లా. చక్కటి క్యాంపస్, హాస్టల్, లక్షల్లో ఫీజులు. ఇంత డబ్బు పోసి అక్కడ పిల్లలు ఏం చదువుతారు? చరిత్ర, సాహిత్యం, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం, తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం... వీటితోపాటు కొంత సైన్సు, కొంత లెక్కలు. ముందు నాలుగు వైపులా చూడటం నేర్చుకుని, తర్వాత తనకి నచ్చిన దారిలో లోతుకి వెళ్లటం.

"లిబరల్ ఆర్ట్స్" అనే మాటకి మూలం రోమన్ల కాలంలో ఉంది. స్వేచ్ఛ కలిగిన పౌరుడికి తగిన విద్యలు అని అర్థం. తర్వాతి కాలంలో యూరప్‌లో వీటిని ఏడుగా లెక్కపెట్టారు. వ్యాకరణం, తర్కం, చక్కగా మాట్లాడే విద్య, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం. "స్వేచ్ఛ కలిగిన పౌరుడు" అన్నాను కదా, ఆ లెక్కలో బానిసలు లేరు. ఆడవాళ్లూ లేరనే చెప్పాలి! మన దేశంలోనూ ఆ ఊహ కొత్తదేం కాదు. బాణుడి కాదంబరిలో అరవై నాలుగు కళల్ని చదువుగా వర్ణించాడని, 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం ప్రత్యేకంగా గుర్తుచేసింది. ఒక్క సబ్జెక్టుకే కట్టుబడకుండా పలు శాస్త్రాలు కలిపి చదవాలని ఆ విధానం చెప్తోంది.

సరే, మన బి.ఏ.లో ఏముంది మరి? చరిత్ర ఉంది. ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం ఉన్నాయి. తెలుగు, ఇంగ్లీషు ఉన్నాయి. 1956లో పుట్టిన మా నల్గొండ నాగార్జున కాలేజీలో (ఎన్జీ కాలేజీ అంటేనే మావాళ్లకి తెలుస్తుంది!) ఎన్ని తరాల పిల్లలు ఈ సబ్జెక్టులు చదివి బయటికొచ్చారో! తెలుగు మీడియం వాళ్లకి 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలు అచ్చువేసి ఇచ్చింది. అంటే శ్రీసిటీలో లక్షలు పోసి కొనుక్కునే సబ్జెక్టులు మనకి గడియారం సెంటర్‌లోంచి ఆటో ఎక్కితే అందేంత దూరంలోనే ఉన్నాయన్నమాట.

తేడా లేదని అనను. అక్కడ చిన్న చిన్న క్లాసులుంటాయి, చర్చలుంటాయి, పెద్ద లైబ్రరీ ఉంటుంది. పిల్లలు తమ మాటల్లో వ్యాసం రాసి, అందులో ప్రతి మాటకీ ఆధారం చూపించాలి. ఇక్కడ చాలామంది పరీక్షకి వారం ముందు గైడు కొంటారు. అందుకే చదువు విలువ పడిపోయినట్టు కనిపిస్తోంది. గైడు చదివి పాసైతే అది గైడు తప్పు. చరిత్ర తప్పో, ఆర్థికశాస్త్రం తప్పో ఎలా అవుతుంది చెప్పండి?

ఆదివారం కాలేజీ

నా చదువు సంగతి చెప్తాను. ఇంటర్ కాగానే పెళ్లయింది. రెండేళ్లకి పాప పుట్టింది. ఆ పాపకి ఏడాది నిండాక ఓపెన్ యూనివర్సిటీలో చేరతానన్నాను. మావారు ఏమీ అనలేదు. అత్తమ్మ మాత్రం "గీ వయసుల పరీక్షలేంది బిడ్డా? ఎవలన్న నవ్వుతరు" అన్నది. అప్పటికి నా వయసు ఇరవయ్యొకటి!

ఈ ఓపెన్ యూనివర్సిటీ సంగతి మన ఆడవాళ్లందరికీ తెలియాలి. దేశం మొత్తమ్మీద మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాదులోనే పుట్టింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991లో డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు పెట్టుకుంది. తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి.రాంరెడ్డి. ఢిల్లీలో 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దాన్ని నిలబెట్టడానికి పిలిచిందీ ఆయన్నే. కాలేజీకి రాలేనివాళ్ల దగ్గరికి కాలేజీయే వెళ్లాలన్నది దీని వెనకున్న ఆలోచన. ఇంటర్ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అప్పట్లో కల్పించారు. పదో తరగతి మధ్యలో మానేసి పెళ్లిపీటలెక్కిన ఎందరు ఆడవాళ్లకి అది రెండో తలుపయిందో!

మా బ్యాచ్ క్లాసులు ఆదివారాలే. పొద్దున నాలుగింటికి లేచి వంట చేసి, పాపకి నీళ్లు పోసి, పుస్తకాలు కూరగాయల సంచిలో పెట్టుకుని బయల్దేరేదాన్ని. కూరగాయల సంచే ఎందుకంటారా? వీధిలో "ఎటు బోతున్నవ్?" అని అడిగేవాళ్లకి జవాబు చెప్పే పని తప్పుతుందని. మా క్లాసులో ఒక అంగన్‌వాడీ టీచర్ ఉండేది. మిషను కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న ఒకావిడ, కోర్టులో అటెండరుగా చేసే పెద్దాయన, ఇంకా నలుగురైదుగురు కుర్రాళ్లు.

ఒక ఆదివారం రాజనీతిశాస్త్రం సారు "అధికారం" అన్న పాఠం మొదలుపెట్టారు. బోర్డు మీద నిర్వచనం రాయకుండా, ఆడవాళ్ల వైపు తిరిగి "మీ ఇంట్లో పొలం ఎవరి పేరు మీదుందమ్మా?" అని అడిగారు. ఎవరం మాట్లాడలేదు. నిజానికి ఎవరికీ తెలీదు! పై ఆదివారం అంగన్‌వాడీ టీచర్ వస్తూనే లేచి నిలబడింది. "పాస్‌బుక్కు చూసిన సార్. పొలం ఆయన పేరు మీదున్నది. గుంపుల తెచ్చిన అప్పు మాత్రం నా పేరు మీదున్నది" అంది. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

అధికారం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. పెద్ద పెద్ద పండితుల నిర్వచనాలు తర్వాత చదివాను, పరీక్షలో రాశాను, మార్చిపోయాను కూడా. ఆమె మాట మాత్రం మర్చిపోలేదు. ఆ తర్వాత రెండేళ్లకి ఆమె పోరుపెట్టి అరెకరం తన పేరు మీద రాయించుకుందని విన్నాను. ఉద్యోగం ఇవ్వని చదువు ఎందుకని అడిగేవాళ్లకి నా దగ్గరున్న మొదటి జవాబు ఇదే.

గ్లాసెడు నీళ్లలో ఎన్ని పాఠాలో!

"ఇన్ని సబ్జెక్టులు కలగాపులగంగా చదివితే ఏం లాభం? ఒకటి గట్టిగా చదివితే చాలదా?" అంటుంటారు. ఒక్క సబ్జెక్టు గట్టిగా రావాల్సిందే, కాదనను. కానీ మన బతుకులోని సమస్య సబ్జెక్టుల వారీగా రాదు కదా! మా నల్గొండ ఆడవాళ్లకి ఈ సంగతి గ్లాసెడు మంచినీళ్లు చెప్తాయి.

ఫ్లోరైడ్ గురించి మీరు వినే ఉంటారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో నడుములు వంగిపోయినవాళ్లు, పళ్ల మీద గోధుమరంగు గారలున్న పిల్లలు... ఎందుకొచ్చింది ఇది? ముందు భూగోళశాస్త్రాన్ని అడగాలి. మనది గ్రానైటు రాళ్ల నేల, వానలు తక్కువ. ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఆ రాళ్లలోనే ఉన్నాయి. నీళ్లు ఎంతకాలం రాతిని అంటిపెట్టుకుని ఉంటే అంతగా ఫ్లోరైడ్ అందులోకి దిగుతుంది. చెరువులు ఎండి, బోర్లు లోతుకి పోయినకొద్దీ కష్టం పెరిగింది. తర్వాత రసాయనశాస్త్రం. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, నీళ్లు తేరుకున్నాక వడగట్టే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు. దాని పేరేమిటో తెలుసా? "నల్గొండ టెక్నిక్"! ఆఫ్రికాలోని టాంజానియా, కెన్యా దేశాల వాళ్లు కూడా ఆ పేరుతోనే వాడిచూశారు.

అక్కడితో అయిపోలేదు. హోమ్‌సైన్స్‌ని అడిగితే, తిండిలో కాల్షియం, సి విటమిన్ తక్కువైనవాళ్లని ఈ జబ్బు ఎక్కువ పట్టి పీడిస్తుందని చెప్తుంది. మరి ఇంట్లో పాలు, పెరుగు ఆఖరున ఎవరికి మిగులుతాయి? అది సమాజశాస్త్రం. ఆ నీళ్ల బిందె ఎవరి నడుము మీదుంటుంది? అదీ సమాజశాస్త్రమే.

ఇక రాజనీతి. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ మన జిల్లా గడప మీదే ఉంది. అయినా ఎగువనున్న మెట్ట ఊళ్లకి కృష్ణ నీళ్లు అందలేదు. విని విని విసిగిపోయిన జనం 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఒక పని చేశారు. నల్గొండ సీటుకి నామినేషన్ల మీద నామినేషన్లు వేశారు. బరిలో నిలిచినవాళ్లు 480 మంది! బ్యాలెట్ పత్రం ఒక పుస్తకమంత అయ్యింది. దేశమంతా నల్గొండ వైపు తిరిగి చూసింది. అప్పుడు నేను చిన్నపిల్లని, పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుని దాని గురించి మాట్లాడుకోవడం లీలగా గుర్తుంది.

పన్నెండేళ్ల తర్వాత డిగ్రీ పాఠంలో ఒక వాక్యం చదివాను. లోక్‌సభకి పోటీచేసే అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్‌ని 1996లో 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకి పెంచారని. బట్టీ పట్టాల్సిన వాక్యమే. కానీ నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. అదే ఏడు! నల్గొండలోనూ, తమిళనాడులో వెయ్యిమందికి పైగా పోటీచేసిన మొడకురిచ్చిలోనూ జరిగినదాని తర్వాతే కదా ఆ చట్టం మారింది! నీళ్లు అడిగినవాళ్లకి ప్రభుత్వం ముందుగా ఇచ్చిన జవాబు డిపాజిట్ పెంచటమన్నమాట. మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో 2015లో లేచింది. ఆ తర్వాతే కృష్ణ నీళ్లు ఇంటింటి నల్లాకి రావటం మొదలైంది.

చూశారా? ఒక గ్లాసు నీళ్లలో భూగోళం, రసాయనం, పోషకాహారం, సమాజం, రాజ్యాంగం అన్నీ ఉన్నాయి. ఇంజనీరు ఒక్కడే ఈ గ్లాసుని పూర్తిగా చూడలేడు. డాక్టరు ఒక్కతే కూడా చూడలేదు. అన్నింటినీ కలిపి చూసే కన్ను ఒకటి కావాలి. లిబరల్ ఆర్ట్స్ అని ఎంతో గొప్పగా చెప్పుకుంటున్నది ఆ కన్ను గురించే.

నాయనమ్మల చరిత్ర ఎవరు రాశారు?

మావారి నాయనమ్మ అప్పటికి ఉంది. ఎనభైకి దగ్గరపడిన మనిషి. నేను రాత్రిపూట చరిత్ర పుస్తకం పైకి చదువుతుంటే మంచంలోంచి వింటూ ఉండేది. నిజాం పాలన, రజాకార్లు, 1948 పోలీసు చర్య... ఆ పాఠం వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగింది. "నీ బుక్కుల మా ఊరున్నదానె?"

వెతికాను. లేదు. "లేదు నాయనమ్మా" అన్నాను. "జొన్నలు పాతర్ల దాసి పైన పొయ్యి పెట్టిన ముచ్చట?" అంది. అదీ లేదు. రజాకార్లు వస్తున్నారని తెలిసి, గింజలు పాతరలో పోసి మూసి, దానిపైన పొయ్యి వెలిగించి కూర్చున్న పదిహేడేళ్ల పిల్ల ఏ పాఠంలోనూ లేదు.

అలాంటివాళ్ల మాటల్ని పుస్తకంగా తెచ్చిన ఆడవాళ్లు ఉన్నారని నాకు తర్వాత తెలిసింది. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డుచేసి, 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం వేశారు. ఆ పని చేసినవాళ్లెవరు? ఇంగ్లీషు సాహిత్యం బోధించిన సూసీ తారు ఉన్నారు. ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం బోధించిన రమా మెల్కోటే ఉన్నారు. పోషకాహార పరిశోధకురాలు వీణా శత్రుఘ్న ఉన్నారు. కె.లలిత, వసంత కన్నబిరాన్, ఉమామహేశ్వరి కూడా. చూడండి, సాహిత్యం, రాజనీతి, వైద్యం ఒకచోట కూర్చుని మన నల్గొండ, వరంగల్ ఆడవాళ్ల మాట విన్నాయి. మన జిల్లా బిడ్డ మల్లు స్వరాజ్యం గొంతు కూడా అందులో ఉంది. 1931లో పుట్టి, పసితనంలోనే పోరాటంలోకి దూకి, తర్వాత రెండుసార్లు తుంగతుర్తి ఎమ్మెల్యే అయి, 2022లో కన్నుమూసిన ఆమె పేరు ఎవరికి తెలియదు!

అంతకుముందు మన పాలమూరు పెద్దాయన సురవరం ప్రతాపరెడ్డిగారు చేసిందీ ఇలాంటి పనే. చదివింది న్యాయశాస్త్రం. కానీ 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే, మాటకి మాట అనలేదు. ఊరూరా వాకబు చేయించి, 354 మంది కవులతో 1934లో "గోలకొండ కవుల సంచిక" వేసి చూపించారు. ఆధారం చూపించి నోరు మూయించటం అంటే అదీ! ఆయన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో రాజుల యుద్ధాలకన్నా జనం తిండి, బట్ట, ఆట, పాటలకే పెద్దపీట. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకి ఇచ్చిన తొలి అవార్డు ఆ పుస్తకానికే. వంటింటిది కూడా చరిత్రే అని అంత పండితుడు ఒప్పుకుంటే, మనం మన వంటింటిని చిన్నచూపు చూసుకోవటమేమిటి?

ఇంకో మాట. హైదరాబాదు కోఠీలో ఆడపిల్లల కాలేజీ ఉంది కదా, 1924లో మొదలైంది. 1949 నుంచి బ్రిటిష్ రెసిడెంట్ కోసం కట్టిన పాలరాయిలాంటి తెల్లటి మేడలో నడుస్తోంది. దొరలు దర్బారు చేసిన హాళ్లలో మన ఊళ్ల ఆడపిల్లలు పాఠాలు విన్నారు. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఐలమ్మది పాలకుర్తి. ఆమె పోరాడిన రోజుల్లో అది నల్గొండ జిల్లా జనగామ తాలూకాలోదే. కౌలుకి తీసుకుని దున్నుకున్న భూమిలో పండిన పంటని విసునూరు దేశ్‌ముఖ్ ఎత్తుకుపోబోతే ఎదురు నిలిచిన మనిషి. "ఈ పంట ఎవరిది?" అన్న ప్రశ్న వదిలిపెట్టకుండా అడిగింది. ఇవాళ యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రమూ, రాజనీతిశాస్త్రమూ అడిగే ప్రశ్న కూడా అదే.

మరి ఉద్యోగం మాటేమిటి?

ఇదంతా చెప్తుంటే మీలో కొందరికి విసుగొస్తుందని నాకు తెలుసు. "బాగానే ఉందమ్మా, కడుపు నిండొద్దా?" అంటారు. నిజమే, తప్పకుండా నిండాలి.

మా ఆడపడుచు కూతురు ఇంటర్లో తొమ్మిది వందలు దాటిన మార్కులు తెచ్చుకుని బి.ఏ. చదువుతానంది. ఇంట్లో మూడు రోజులు పొయ్యి సరిగ్గా వెలగలేదు. వాళ్ల నాన్న "డబ్బుల్లేక సదివిస్తలేననుకుంటరు జనం" అని బాధపడ్డాడు. ఆయన బాధలోనూ నిజముంది. మనవాళ్లకి బీటెక్ ఒక చదువు మాత్రమే కాదు, పరువు కూడా. నన్ను పిలిచి "నువ్వన్న జెప్పు వదినె" అంది మా ఆడపడుచు. నేనొక కాగితం తీసి ఆ పిల్లనే రాయమన్నాను, బి.ఏ. తర్వాత ఏమేం దారులున్నాయో. గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షల్లో అడిగేదాంట్లో ఎక్కువ భాగం చరిత్ర, రాజ్యాంగం, ఆర్థికవ్యవస్థ, సమాజమే. బీటెక్ చదివినవాళ్లు కూడా కోచింగ్ సెంటర్లలో కూర్చుని బి.ఏ. పాఠాలే మొదటి నుంచి నేర్చుకుంటున్నారు! లాసెట్ రాస్తే మూడేళ్ల లా. ఎడ్‌సెట్ రాస్తే బీఎడ్. పీజీ చేయాలంటే మన జిల్లాలోనే 2007లో వచ్చిన మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది, మహబూబ్‌నగర్ వాళ్లకి 2008లో వచ్చిన పాలమూరు యూనివర్సిటీ ఉంది. జర్నలిజం, లైబ్రరీ సైన్సు, సోషల్ వర్క్ ఎలాగూ ఉన్నాయి.

ఆ కాగితం చూసి వాళ్ల నాన్న అడిగిన ప్రశ్న ఒక్కటే. "వీటిల ఒక్కటన్న పక్కానా?" ఆ పిల్ల "పక్కా కాదు నాన్నా. బీటెక్ పక్కానా మరి?" అంది. దానికి మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. పిల్ల డిగ్రీలో చేరింది, చదువుతోంది. రేపు ఏమవుతుందో నాకు తెలీదు. అప్పుచేసి కట్టిన ఫీజు మాత్రం ఆ ఇంటి మీద లేదు. అదీ చిన్న సంగతేం కాదు.

అందరూ బి.ఏ. చదవాలని నేననటం లేదు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లని లెక్కలే చదవనివ్వండి. ఇష్టపడి అడిగే పిల్లకి "పనికిరాని చదువు" అని మాత్రం చెప్పకండి. అంతే నేను కోరేది.

చదివితే ఇలా చదవండి

నాలాగా ఆగిన చదువుని మళ్లీ మొదలుపెట్టాలనుకునే అక్కాచెల్లెళ్లకి అనుభవంతో రెండు మాటలు.

మొదటిది, వయసు లెక్క పెట్టుకోకండి. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారికి చిన్నతనంలోనే పెళ్లిచేశారు. ఆ పెళ్లిలోంచి బయటికొచ్చి, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లి, ఆ తర్వాత మెట్రిక్ పరీక్షకి కూర్చున్నారు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో బి.ఏ. చేసేనాటికి ముప్ఫై ఏళ్లు. 1942లో లా పూర్తిచేశారు, 1946లో రాజ్యాంగ సభకి వెళ్లారు. ఆ కష్టం తెలిసిన మనిషి కాబట్టే, ఆవిడ మొదటి అధ్యక్షురాలిగా పనిచేసిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో చదువు ఆగిన స్త్రీల కోసం సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది.

రెండోది, గైడు కొనే డబ్బుతో ఒక మంచి పుస్తకం కొనండి. జిల్లా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. అక్కడ ఆడవాళ్లు తక్కువ కనిపిస్తారు. ఒక్కరు వెళ్తే కొత్తగా ఉంటుంది, ముగ్గురు కలిసి వెళ్తే అలవాటైపోతుంది.

మూడోది, ప్రతి పాఠాన్నీ మీ ఇంటికో ఊరికో ముడిపెట్టి చూడండి. "ద్రవ్యోల్బణం" అన్న పాఠం వచ్చినప్పుడు, మీ పాత పచారీ పద్దుల పుస్తకం తీసి పదేళ్ల కిందట కందిపప్పు ఎంతుందో చూడండి. "పంచాయతీరాజ్" పాఠం వచ్చినప్పుడు, మీ ఊళ్లో మహిళా సర్పంచి ఉంటే సంతకం ఎవరు పెడుతున్నారో, కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారో గమనించండి. పరీక్షలో రాయటానికి ఉదాహరణలు వెతుక్కునే పనే ఉండదు.

నాలుగోది, వారానికి ఒక పేజీ మీ సొంత మాటల్లో రాయండి. పుస్తకం మూసి రాయాలి. రాసేటప్పుడు ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీకు అర్థం కాలేదని లెక్క. నేను కథలు రాయటం నేర్చుకున్నది ఈ పేజీల్లోనే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

ఇక ఐదోది. డిగ్రీ కాలేజీల అడ్మిషన్లు 2016 నుంచి దోస్త్ ద్వారా ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. పిల్లలకి ఫోనిచ్చి ఊరుకోకండి. పక్కన కూర్చుని, ఏ కాలేజీ, ఏ సబ్జెక్టులు, ఎందుకు అని మీరూ అడగండి. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి నొక్కిన ఆప్షన్లతో పిల్లల మూడేళ్లు నిర్ణయమైపోకూడదు. ఓపెన్ యూనివర్సిటీలో చేరాలనుకునేవాళ్లు దగ్గర్లో ఉన్న స్టడీ సెంటర్‌కి స్వయంగా వెళ్లి, ఇప్పటి నియమాలు, ఫీజు, ఆఖరు తేదీ కనుక్కోండి. వాళ్లమాటా వీళ్లమాటా విని ఆగిపోకండి.

ఉద్యోగం చేస్తున్నావా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ లేదనే చెప్తాను. కానీ పేపర్లో బడ్జెట్ గురించి వస్తే పూర్తిగా చదువుతాను. ఓటు అడగటానికి వచ్చినవాళ్లని రెండు ప్రశ్నలు అడిగి పంపిస్తాను. బ్యాంకులో కాగితం మీద సంతకం పెట్టేముందు చదువుతాను, వెనకాల వరుసలో ఎవరు గొణిగినా సరే. మా పాప ఏదైనా గట్టిగా వాదిస్తే "ఎవరు చెప్పారు? ఆధారమేంటి?" అంటాను. ఈమధ్య అదే ప్రశ్న అది నన్ను అడుగుతోంది. వంట చేస్తూ జవాబు వెతుక్కోవాల్సి వస్తోంది... అయినా బాగుంది!